పెరటాసి అల్లుడు

జోయల్‌కు అత్తగారి ముఖం తెలియదు గానీ గొంతు బాగా తెలుసు. ప్రతి ఆదివారం పొద్దున లోహిత ఫోను స్పీకరులో పెట్టి, దోసెలు పోసుకుంటూ తల్లితో మాట్లాడుతుంది. కార్వేటినగరంలో వాన పడిందా, ఆవు ఈనిందా, పక్కింటి తిరుమలమ్మ ఈ వారం ఎవరితో పోట్లాడింది, అన్నీ అయ్యాక చివర్లో చంద్రకాంతమ్మ ఒక మాట అడుగుతుంది. "ఆ ఇంట్లో అందురూ బాగుండారా?" ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. వాళ్లలో ఒకరు ఫోను మాట్లాడుతున్న లోహిత. కాబట్టి 'అందరూ' అంటే తానేనని జోయల్ పద్నాలుగు నెలలుగా సంతోషపడుతూ వచ్చాడు. మనిషి అల్పసంతోషి.

పెళ్లి తిరుపతి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. జోయల్‌ది గూడూరు, క్రైస్తవ కుటుంబం. తల్లి రెబెకా ఒక్కతే వచ్చి దండలు అందించింది. చంద్రకాంతమ్మ రాలేదు. ఆ రోజంతా ఇంట్లో కూర్చుని బుట్టెడు చింతపండుకు గింజ తీసిందని తర్వాత తెలిసింది. మామ మునికృష్ణ మాత్రం చిత్తూరులో పని ఉందని ఇంట్లో చెప్పి తిరుపతికి వచ్చాడు. రెండు అక్షింతలు వేసి, బస్టాండులో ఎవరో పారేసిన చిత్తూరు బస్సు టికెట్టు ఏరుకుని, సాక్ష్యంగా జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు.

తాళి లేకపోయినా చంద్రకాంతమ్మ ఒప్పుకునేదేమో గానీ, కోడి లేకపోతే ఒప్పుకోదు. వాళ్ల వైపు అల్లుడు అల్లుడయ్యేది పెళ్లినాడు కాదు. అత్త తన ఇంట్లో సాకిన పుంజును కోయించి, నలుగురు బంధువులను అతని పక్కన కూర్చోబెట్టి, ఆ పులుసు తన చేత్తో సంగటిలో పోసిన రోజున. లోహిత పెద్దమ్మ కూతురి మొగుడికి పెళ్లయిన మూడోనాడే ఆ ముచ్చట జరిగిపోయింది. జోయల్‌కు పద్నాలుగు నెలలైనా జరగలేదు. ఆ పులుసు పడేదాకా కార్వేటినగరంలో అతను 'లోహిత పెండ్లాడిన పిల్లోడు' అంతే.

ఇక్కడే వచ్చింది చిక్కు. జోయల్ కోడి తినడం మానేశాడు.

ఫిబ్రవరిలో మానేశాడు. ఏర్పేడు దగ్గర పెద్ద విద్యాసంస్థలో అతను ల్యాబు టెక్నీషియన్. రీసెర్చి చేసే ఒకమ్మాయి నోటీసు బోర్డులో కాగితం అంటించింది. ఇరవై ఒక్క రోజులు వీగన్‌గా ఉండి చూడండి అని. మాంసం, గుడ్డు సరే, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా బంద్. సరదాగా పేరు రాశాడు. మొదటి వారం టీ దగ్గరే ప్రాణం పోయింది. రేణిగుంటలో రోజూ ఆగే టీ కొట్టాయన పాలు లేని టీ అడిగితే, "దాన్ని టీ అనరప్పా, కషాయమంటారు. కావాలంటే మిరియాలేసి ఇస్తా" అన్నాడు. హోటల్లో సాంబారు మీద నెయ్యి వేయొద్దని చెప్పేలోపే వేసేవాళ్లు. తల్లి రెబెకా ఫోనులో ఏడ్చినంత పని చేసింది. "చర్చి నుంచి వచ్చి నా బిరియానీ ఎవురికి వండేదిరా?" అని. అయినా ఇరవై ఒక్క రోజులూ గడిచాయి. కడుపులో పదేళ్లుగా కాపురమున్న గ్యాసు ఖాళీ చేసి పోయింది. ఇరవై రెండో రోజు మళ్లీ మొదలుపెడదామనుకుంటూనే బండి మీద బయల్దేరాడు. రేణిగుంట దగ్గర ముందు కోళ్ల వ్యాను ఆగింది. జాలీలోంచి ఒక కోడి తల బయట పెట్టి అతన్నే చూస్తూ ఉంది. సిగ్నలు పడినా చూస్తూనే ఉంది. ఆ సంగతి జోయల్ ఎవరికీ చెప్పలేదు, లోహితకు కూడా. చెబితే నవ్వుతారని తెలుసు. ఆ పూట నుంచి మాత్రం ఇక ముట్టలేదు.

లోహితకు దీనితో పేచీ లేదు. మందుల షాపులో ఫార్మసిస్టు ఆమె. మనిషి ఏం తింటాడో కాదు, అరుగుతుందా లేదా అన్నదే ఆమెకు ముఖ్యం. తన పెరుగు తను తింటుంది.

సెప్టెంబరులో మునికృష్ణ కంట్లో శుక్లం ముదిరింది. తిరుపతిలో ఆపరేషను. ఆవుల్ని వదిలి రాలేనని చంద్రకాంతమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది. పది రోజులు మామ వీళ్లింట్లోనే ఉన్నాడు. పూటకు నాలుగుసార్లు కంట్లో చుక్కలు వేసింది జోయలే. తల తడవకుండా స్నానం చేయించిందీ అతనే. పదో రోజు నల్ల కళ్లద్దాలు పెట్టి, కారులో కూర్చోబెట్టుకుని లోహితతో కలిసి కార్వేటినగరం తీసుకుపోయాడు. ఆ రోజు శనివారం. పెరటాసి మొదటి శనివారం.

పెరటాసి అంటే ఆ వైపు వెంకటేశ్వరస్వామి నెల. తమిళ లెక్కన సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా వస్తుంది. ఆ నెలంతా నీసు ముట్టరు. చికెన్ అంగళ్లవాళ్లు ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు. నెల దాటిన మొదటి ఆదివారం అవే అంగళ్ల ముందు జనం తోసుకుంటారు. చంద్రకాంతమ్మ నలభై ఏళ్లుగా పెరటాసి పాటిస్తోంది.

ఆమె గడప దాటి ఎదురు రాలేదు. అయినా మొగుడి కన్ను బాగుచేయించి తెచ్చిన మనిషిని పస్తుంచేంత కఠినురాలు కాదు. వసారాలో కుర్చీ వేయించింది. కుర్చీ ముందు స్టూలు. స్టూలు మీద బస్టాండు హోటలు నుంచి తెప్పించిన చికెన్ బిరియానీ పొట్లం.

"తినమను" అంది లోహితతో, జోయల్ ఎదురుగానే. "నా పొయ్యి మీద నీసు ఎక్కదు, పెరటాసి. సప్పిడి కూడు పెట్టి పంపినారని రేపు ఎవురూ అనకూడదు."

"నేను తినను అత్తా" అన్నాడు జోయల్.

అతను ఆమెతో మాట్లాడిన మొదటి మాట అది. కావాలంటే ఇంతకన్నా మంచి మాట దొరికేది, కానీ బిరియానీ ముందు పెడితే ఇంకేం గుర్తొస్తుంది.

"ఎందుకు తినడంట?" అని ఆమె లోహితనే అడిగింది. జోయల్ నోరు తెరిచాడు. నోట్లోంచి మాట వచ్చేలోపే చంద్రకాంతమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "పెరటాసి అనా?"

లోహిత ఒక్క క్షణం మొగుణ్ని చూసింది, ఒక్క క్షణం తల్లిని చూసింది. "ఊఁ" అంది.

"అయితే పెరుగన్నం పెడతా."

"పెరుగూ తినడు."

"మజ్జిగ?"

"తాగడమ్మా."

"నెయ్యి?"

"అదీ లేదు."

చంద్రకాంతమ్మ గడప మీదే కూలబడింది. "నలభై ఏండ్లుగా పడతాండా, నేను మజ్జిగ మాన్లేదే. మా యవ్వ మాన్లేదే. యా ఊరి పిల్లోడో, యా మతమో, మన సామి కోసరం మజ్జిగ కూడా ఇడిసిపెట్టినాడా!" అంటూ జోయల్‌ను చూసింది. పద్నాలుగు నెలల్లో మొదటిసారి, నేరుగా, తల నుంచి కాళ్ల దాకా చూసింది. ఆమె కళ్లు తడయ్యాయి. లేచి లోపలికి పోయి, ఆకు వేసి, సంగటి, పచ్చిపులుసు, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి తెచ్చి వడ్డించింది. "తిను సామీ" అంది. వసారాలో కాదు, నట్టింట్లో. బిరియానీ పొట్లం గోడ మీద నుంచి ఇద్దామంటే తిరుమలమ్మకూ పెరటాసే. ఆ రోజు వీధి కుక్క పండగ చేసుకుంది.

నల్లద్దాల వెనక మునికృష్ణ రెండుసార్లు దగ్గాడు.

తిరిగి వస్తూ కారులో జోయల్ గొడవపడ్డాడు. "అబద్ధం ఎందుకు చెప్పినావు?"

"యాడ చెప్పినా? ఊఁ అన్నా, అంతే" అంది లోహిత. "మా యమ్మ నిన్ను చూసిందా లేదా? లోపలికి పిలిచిందా లేదా? అది చాలు నాకు." అని కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదలడం చూసి, నవ్వుతోందేమోనని తొంగి చూశాడు. ఏడుస్తోంది. ఇక జోయల్ నోరు మూసుకుని బండి నడిపాడు.

రెండో శనివారానికి కార్వేటినగరంలో ఆ వీధి వీధంతటికీ తెలిసిపోయింది. చంద్రకాంతమ్మ తెలియజెప్పింది. ఆ రోజు ఇంట్లో తళిగ వేశారు. అంటే స్వామికి అరిటాకు నిండా పులిహోర, వడలు, గుగ్గిళ్లు, చక్కెర పొంగలి పెట్టి, బియ్యప్పిండి దీపం వెలిగిస్తారు. ఆడవాళ్లు తళిగ చూడను వచ్చి జోయల్‌ను చూసి పోయారు. "ఈ పిల్లోడేనా? మజ్జిగ కూడా తాగడంటనే!" అని తిరుమలమ్మ అతని చుట్టూ ఒక ప్రదక్షిణం లాంటిది చేసింది. జోయల్ చెమటలు తుడుచుకున్నాడు. చేయని మంచిపనికి మెప్పు పొందడమంత ఇబ్బంది ఇంకొకటి లేదు.

ఇక వంటంటారా, చంద్రకాంతమ్మ అతని కోసం నెయ్యి లేకుండా కొబ్బరిపాలతో చక్కెర పొంగలి చేసింది. ఆమె నలభై ఏళ్ల వంటలో అలాంటిది ఎన్నడూ చేయలేదు. రెండు గిన్నెలు మాడ్చి, మూడోది తెచ్చి పెట్టింది. జోయల్ మారు అడిగాడు. ఆమె ముఖం చూడాల్సిందే.

తిన్నాక పెరట్లోకి తీసుకుపోయింది. గోడ మీద ఎర్రటి పుంజు నిలబడి ఉంది. కాలికి పసుపు దారం.

"నీ కోసరమే సామీ" అంది చంద్రకాంతమ్మ. "ఈ నెల ఎల్లిపోనీ. మొదటి ఆదివారం మావోళ్లందర్నీ పిలుస్తా. పుత్తూరు నుంచి మా యన్న వస్తాడు. ఇంగ నిన్ను పిల్లోడనే మొగోడు ఈ ఊర్లో ఉండకూడదు."

ఆమె అతని చేతిలో గుప్పెడు రాగులు పోసింది. పుంజు గోడ దిగి వచ్చి, తల వంచి, అరచేతిలోంచి తినసాగింది. ముక్కు గీరుకుంటుంటే చక్కిలిగింత పెట్టింది. ఇది ఆ వ్యాన్లో కోడికి ఏమైనా చుట్టమా అనిపించింది అతనికి.

మూడో శనివారం ఎలాగైనా చెప్పేయాలని పోయాడు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "అత్తా, ఒక మాట చెప్పాల" అని మొదలుపెట్టాడు.

"నాకు తెల్సులే సామీ, నువ్వేం సెప్తావో."

జోయల్ ఆశగా చూశాడు.

"కోడి పులుసులో కారం తక్కువెయ్యమంటావు. లోహిత సెప్పింది, నీకు గ్యాసంట. మిరపకాయ తగ్గించి ధనియాలు ఎక్కువేస్తా, సరేనా?"

అంతలో ఎదురింటివాళ్లు కొండకు పోయి వచ్చామని లడ్డు తెచ్చారు. చంద్రకాంతమ్మ కళ్లకద్దుకుని, సగం విరిచి, తన చేత్తో జోయల్‌కు చాచింది. వసారాలో ఉన్న ఆరేడుగురూ మాటలాపి చూశారు. లడ్డు జోయల్‌కు కొత్త కాదు. గూడూరులో పక్కింటివాళ్లు తెచ్చిస్తే చిన్నప్పటి నుంచి తిన్నవాడే. మతం అడ్డం కాదు, నెయ్యి అడ్డం. కానీ ఇప్పుడు వద్దంటే నెయ్యి గురించని ఎవరికి అర్థమవుతుంది? అక్కడే ఆగిపోయాడు.

"ప్రసాదానికి ఏ నేమమూ అడ్డం రాదులే, తీసుకో" అంది ఆమె.

ఆమె చెయ్యి ఇంకా చాచే ఉంది. చింతపండు తీసి తీసి గోళ్లు నల్లబడిన చెయ్యి. జోయల్ రెండు చేతులూ పట్టి తీసుకున్నాడు. తిన్నాడు. ఎనిమిది నెలల తర్వాత నాలుక మీద నెయ్యి పడింది. రుచిగా ఉందని ఒప్పుకోక తప్పదు. ఆ సాయంత్రం కడుపు చేసిన గోల కూడా ఒప్పుకోక తప్పదు.

పెరటాసి అయిపోయింది. శనివారం సాయంత్రం తిరుపతిలో మొగుడూ పెళ్లాలు వంటింట్లో నిలబడి పోట్లాడుకున్నారు.

"ఒక్క పూట. నాలుగు ముద్దలు. ఆ లడ్డు తిన్లేదా నువ్వు?" అంది లోహిత.

"లడ్డు నేను తినకపోయినా లడ్డే. ఆ పుంజు నేను తినకపోతే బతికుంటాది."

"అయితే నువ్వు తింటే అల్లుడివి, తినకపోతే నేను మా యమ్మకు మళ్లీ ఆదివారం ఫోనులో కూతుర్ని. అంతేనా? పద్నాలుగు నెలలు నీ పేరు నోట్లో నుంచి రాలేదు ఆమెకు. ఇప్పుడు సామీ సామీ అని కలవరిస్తాంది. ఆ మాట పోగొట్టుకోవాలనుందా నీకు?"

లేదు. అదే అతని బాధ. తండ్రి చిన్నప్పుడే పోయాడు, తల్లి తప్ప పెద్దదిక్కు లేదు. ఆ ఇంట్లో 'తిను సామీ' అనే పిలుపు నెల రోజుల్లో అతనికి అలవాటైపోయింది. అది లేకుండా శనివారం ఎలా గడుస్తుందో ఊహించలేకపోయాడు. మామకు ఫోను చేశాడు.

"మామా, మా ఇంట్లో పది రోజులుండారు. నా టీ చూసినారు, నా కంచం చూసినారు. పెరటాసి రాకముందు నుంచీ నేనిట్లే తింటానని మీకు తెలుసు గదా. అత్తకు మీరన్నా ఒక మాట..."

"నాకు కన్ను ఆపరేషనప్పా" అన్నాడు మునికృష్ణ. "నేనేం సూడలా." ఫోను పెట్టేశాడు.

ఆదివారం పది గంటలకల్లా కార్వేటినగరం ఇల్లు నిండిపోయింది. పుత్తూరు అన్న వచ్చాడు. ఇంకో పదిమంది చుట్టాలు, తోడుగా తిరుమలమ్మ. రుబ్బురోలు దగ్గర మసాలా వాసన వీధి దాకా కొడుతోంది. నెల రోజులు నోరు కట్టుకున్న జనం, వాసనకే సగం కడుపు నిండిన ముఖాలతో కూర్చున్నారు. గోవిందస్వామి కత్తి నూరుకుంటున్నాడు. ఆ వీధిలో ఏ శుభకార్యానికైనా కోడి కోసేది ఆయనే.

చంద్రకాంతమ్మ పట్టుచీర కట్టింది. పుంజును తెచ్చి జోయల్ చంకలో పెట్టి, చేతికి చెంబు ఇచ్చింది. "నీళ్లు తల మీద సల్లు సామీ. ఒళ్లు దులుపుకుంటాది. దులుపుకుంటే ఒప్పుకున్నట్టు. ఆనెక గోవిందస్వామి సూసుకుంటాడు."

అదీ ఆచారం. కోడి ఒప్పుకుంటేనే కోస్తారు. నీళ్లు పడితే ఏ కోడి దులుపుకోదు గనక!

జోయల్ చెంబు పట్టుకుని నిలబడ్డాడు. పుంజు అతని చంకలో సుఖంగా ఒదిగింది. ఈ చేతిలో రాగులుంటాయని దానికి తెలుసు, అందుకని చెంబులోకి తొంగి చూసింది. తర్వాత తల పక్కకు తిప్పి అతన్ని చూసింది. జోయల్ చెంబు కింద పెట్టాడు.

"అత్తా, నేను పెరటాసి పట్టలేదు."

గోవిందస్వామి కత్తి నూరడం ఆపాడు.

"ఫిబ్రవరి నుంచి నేనిట్లే తింటాండా. మాంసం లేదు, పాలు లేవు, నెయ్యి లేదు. స్వామి కోసం కాదు. నా అంతట నేను మానుకున్నా. మీరు పెరటాసి అనుకున్నారు, నేను కాదని చెప్పలా. చెప్తే మళ్లీ వసారాలో కూర్చోబెడతారని భయమేసింది. తప్పు నాదే. ఈ పుంజును నేను తినలేను అత్తా. రేపు కూడా తినను, వచ్చే నెలా తినను."

లోహిత గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. చంద్రకాంతమ్మ ముఖంలో రక్తం లేదు. నెల రోజులు ఊరంతా చెప్పుకుంది ఆమె. ఇంటింటికీ పోయి చెప్పింది.

"అంటే పెరటాసీ లేదు, గిరటాసీ లేదు!" అంది తిరుమలమ్మ, వినబడాల్సిన వాళ్లందరికీ వినబడేలా.

చంద్రకాంతమ్మ గిరుక్కున తిరిగి వంటింట్లోకి పోయింది. గిన్నె ఏదో దభీమని పెట్టిన చప్పుడు. పుత్తూరు అన్న భుజం మీది తువ్వాలు దులుపుకుని, పోదామా ఉందామా అన్నట్టు మునికృష్ణను చూశాడు. ఆయన నల్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. జోయల్ పుంజును పట్టుకునే నిలబడ్డాడు. ఎక్కడ దింపాలో కూడా తెలియలేదు. ఇంతటితో అయిపోయిందనుకున్నాడు.

వంటింటి గుమ్మంలో చంద్రకాంతమ్మ మళ్లీ కనబడింది. చేతిలో గరిటె ఉంది.

"ఆ పొద్దు లడ్డు తింటివే. దాంట్లో నెయ్యి ఉండ్లా?"

"ఉండాదత్తా."

"తెల్సే తింటివా?"

"తెలిసే తిన్నా."

"సామి కోసరం కాదంటివి. నీ అంతట నువ్వు మానినా అంటివి. మరి ఎందుకు తింటివి?"

జోయల్‌కు ఆలోచించాల్సిన పని లేకపోయింది. "మీరు పెట్టినారు గదా అత్తా. పద్నాలుగు నెల్లకు మొదటిసారి మీ చేత్తో ఇచ్చినారు. వద్దని ఎట్లంటాను?"

చంద్రకాంతమ్మ చాలాసేపు అతన్నే చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మూడడుగులు వేసి లోహిత నెత్తి మీద గరిటెతో ఒకటిచ్చింది, మరీ మెల్లగా ఏం కాదు.

"ఊఁ అంట, ఊఁ! నెల దినాలు నన్ను ఎర్రిదాన్ని సేసినావు గదే!"

"నువ్వడిగితివి, నేను ఊఁ అంటి" అంది లోహిత నెత్తి రుద్దుకుంటూ.

చంద్రకాంతమ్మ తిరుమలమ్మ వైపు తిరిగింది. "ఏమంటివి వదినా? పెరటాసి లేదంటివా? నువ్వు నెల రోజులకే ఎప్పుడయిపోతాదా అని క్యాలెండరు గీకుతా కూసున్నావు. మా యల్లుడికి ఏడాదంతా పెరటాసే!"

మా అల్లుడు. ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చినట్టు అందరికన్నా ముందు మునికృష్ణ విన్నాడు. అద్దాలు పెట్టుకుని, "గోవిందస్వామీ, కత్తి లోపల పెట్టప్పా" అన్నాడు.

"మరి కూర?" అన్నాడు పుత్తూరు అన్న. ఆయన బాధ ఆయనది. నెల రోజులు ఆగి, రెండు బస్సులు మారి వచ్చాడు.

"మా యల్లుడు తిననిది ఈ పొద్దు నా పొయ్యెక్కదు" అంది చంద్రకాంతమ్మ. నూరిన మసాలా అంతా ఉర్లగడ్డల్లో, వంకాయల్లో పోసి పులుసు కాచింది. ధనియాలు ఎక్కువ, కారం తక్కువ. చుట్టాలను వరసగా కూర్చోబెట్టి, నడుమ జోయల్‌కు ఆకు వేసి, సంగటి ముద్ద పెట్టి, గుంట చేసి, పులుసు తన చేత్తో పోసింది. చుట్టాలు మొదట ముక్కల కోసం కాసేపు వెతికారు. తర్వాత మాట్లాడకుండా తిన్నారు. పుత్తూరు అన్న మూడు ముద్దలు తిని, "మసాలా బాగుండాదిలే" అని, నాలుగోది పెట్టించుకున్నాడు. తిరుమలమ్మ పోతూ పోతూ గిన్నెలో పోయించుకుని పోయింది.

సాయంత్రం బయల్దేరేటప్పుడు చంద్రకాంతమ్మ పుంజును కాళ్లు కట్టి తెచ్చి కారు వెనక సీట్లో పెట్టింది.

"ఇదేందత్తా?"

"నీ పేరున దారం కట్టిన కోడి. ఇంగ నా ఇంట్లో ఎట్ల ఉంటాది? కోస్తావో సాకుతావో నీ ఇష్టం."

"మూడో అంతస్తమ్మా! ఇంటి ఓనరు ఏమంటాడు?" అని లోహిత నెత్తి కొట్టుకుంది. ఎవరూ ఆమె మాట వినలేదు. నెల రోజులు అబద్ధం మోసినదానికి శిక్ష అనుకుని ఊరుకుంది.

పుంజు ఇప్పుడు తిరుపతిలో మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఉంటోంది. మొదటి రెండు రోజులు తెల్లారకముందే కూసి ఓనరు చేత తిట్లు తినిపించింది. మూడో రోజు నుంచి ఓనరు భార్యే దానికి నూకలు వేస్తోంది.

బుధవారం పొద్దున జోయల్ రేణిగుంటలో బండి ఆపి, మిరియాల కషాయం తాగుతున్నాడు. ఫోను మోగింది. కొత్త నంబరు. ఎత్తాడు.

"నేను, మీ యత్తను" అంది చంద్రకాంతమ్మ. "లోహిత దగ్గర నీ నంబరు తీసుకున్నా. పుంజు తినిందా?"

"తినింది అత్తా. రాగులేసి వచ్చినా."

అవతల ఆవు అరిచింది.

"నువ్వు తింటివా జోయలూ?"

ఆ పేరు ఆమె పలకడం అతను వినడం అదే మొదటిసారి. తిన్నానని చెప్పడానికి జోయల్‌కు కొంచెం సేపు పట్టింది.